బాండెల్ చెక్కలేదమ్మా

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

జర్మన్ శిల్పి ఎర్నస్ట్ ఫాన్ బాండెల్ మీద, రోమన్లను ఓడించిన జర్మానిక్ వీరుడు హెర్మన్‌కు అతను నిలబెట్టిన విగ్రహం మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. మొదటి పేరా చివర "ఉలి దెబ్బలకు కంచు కొండ హెర్మన్‌గా మారింది" అన్నావు. అక్కడే ఆగిపోయాను. కోపం కూడా వచ్చింది. ఆ వాక్యంలో ఉలి తప్పు, కంచు తప్పు, కొండను మలిచాడన్న ఊహా తప్పే. ఏ పత్రికకు పంపాలి, కలంపేరు పెట్టుకోవాలా అని అడిగావు. అవి తర్వాత చూద్దాం. ముందు ఈ వాక్యం సంగతి తేలాలి.

శిల్పి గురించి రాయబోయేవాళ్ళు మొట్టమొదట సరైన క్రియాపదం సంపాదించుకోవాలి. రాయిని చెక్కుతారు, కంచును పోస్తారు, రాగి రేకును సాగగొడతారు. పనిముట్లు వేరు, పనివాళ్ళు వేరు, పట్టే ఏళ్ళు వేరు. డెట్‌మోల్ట్ ఊరి దగ్గర ట్యూటోబుర్గ్ అడవిలో, గ్రోటెన్‌బుర్గ్ కొండ మీదున్న హెర్మన్‌ను ఎవరూ చెక్కలేదు, పోయలేదు. సుమారు 200 రాగి రేకుల్ని సుత్తులతో కొట్టి, రివెట్లతో ఒకదానికొకటి బిగించి, లోపలి ఇనుప చట్రానికి తగిలించారు. మన కంచరి బిందె చేసే తీరుకు అది దగ్గర, స్థపతి పనికి దూరం.

తూకం చూస్తే తేడా తెలుస్తుంది. పైకెత్తిన కత్తి మొన దాకా హెర్మన్ ఎత్తు 26.57 మీటర్లు, బరువు 42.8 టన్నులు. శిల్పి ష్వాంథాలర్ రూపొందించిన బవేరియా విగ్రహాన్ని మ్యూనిక్‌లో 1850లో ఆవిష్కరించారు. అది కంచు పోత. ఎత్తు 18.52 మీటర్లే, బరువు మాత్రం 87 టన్నుల పైమాటే. ఎత్తు తక్కువైన బొమ్మ రెండింతలు తూగుతోంది. నువ్వు "చెక్కాడు" అని రాసిన క్షణంలో ఇదంతా పాఠకుడికి దక్కకుండా పోయింది.

రేకు పని ఎలా సాగుతుందో నీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. ముందు చిన్న నమూనా చేసి, దాన్ని పెద్ద కొలతకు పెంచుతారు. పది రెట్లు పెంచితే నమూనాలో అర సెంటీమీటరు పొరపాటు అయిదు సెంటీమీటర్లవుతుంది, ముఖంలో ముక్కు వంకరపోతుంది. రాగి కొట్టేకొద్దీ గట్టిపడుతుంది. గట్టిపడ్డాక కూడా కొడితే అంచున చిట్లుతుంది. అందుకే మధ్యమధ్య ఎర్రగా కాల్చి, చల్లార్చి, మళ్ళీ సుత్తి కిందికి తేవాలి. అంచు మీద అంచు వేసి రివెట్ కొట్టేటప్పుడు రంధ్రాలు కలవకపోతే, బలవంతాన లాగిన చోట రేకు సొట్టపోతుంది. ఎండకు రాగి ఇనుము కన్నా ఎక్కువ సాగుతుంది, కాబట్టి చట్రానికి తగిలించే చోట కాస్త కదిలే వీలుండాలి. అన్నిటికన్నా పెద్ద గండం చెమ్మ. రాగీ ఇనుమూ ఆనుకున్నచోట తడి చేరితే ముందు పాడయ్యేది ఇనుమే. 1886లో న్యూయార్క్‌లో నిలబెట్టిన స్వేచ్ఛా ప్రతిమదీ ఇదే పద్ధతి. దాని లోపలి ఇనుప పట్టీలు తుప్పుపట్టిపోతే 1980లలో తీసి స్టెయిన్‌లెస్ స్టీలువి వేశారు. ఇక హెర్మన్ చేతిలో కత్తి పొడవు 7 మీటర్లు, బరువు 550 కిలోలు. కొండ మీది గాలి ఆ కత్తిని నెట్టితే ఆ ఒత్తిడంతా భుజం గుండా చట్రంలోకి, అక్కణ్ణుంచి రాతి కట్టడంలోకి దిగాలి. వీరత్వం గురించి రెండు పేజీలు రాశావు, ఈ భుజం గురించి ఒక్క మాట రాయలేదు.

ఆ ఉలి నీకెక్కడ దొరికిందో నాకు తెలుసు. "రాతికి ప్రాణం పోసిన" అనే శీర్షిక లేనిదే శిల్పి గురించి అచ్చు వెయ్యని ఆదివారం అనుబంధాలు ఉన్నాయి. వ్యాసంలో అంకె కనిపిస్తే పాఠకుడికి బరువంటూ కొట్టేసే సంపాదకులున్నారు. కొలతలు తీసేసి కన్నీళ్ళు పెట్టమంటారు. వాళ్ళ మాట వినకు. బాండెల్ కష్టం ఆ కొలతల్లోనే ఉంది.

అతను 1800లో ఆన్స్‌బాఖ్‌లో పుట్టాడు. 1838లో పని మొదలుపెట్టాడు. ఇసుకరాతి పీఠం 1846కి లేచింది. ఆ తర్వాత చందాలు ఎండిపోయాయి. బొమ్మ లేని పీఠం ఏళ్ళ తరబడి కొండ మీద ఒంటరిగా నిలిచింది. బాండెల్ తన సొంత డబ్బు కూడా ఇందులోనే పోశాడు. 1860లలో హానోవర్‌లో మళ్ళీ పని అందుకున్నాడు. ఫ్రాన్స్‌తో యుద్ధం గెలిచాక, 1871లో జర్మన్ పార్లమెంటు 10,000 తాలర్లు (అప్పటి జర్మన్ వెండి నాణేలు) ఇచ్చింది. 1875 ఆగస్టు 16న చక్రవర్తి మొదటి విల్‌హెల్మ్ సమక్షంలో ఆవిష్కరణ జరిగింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో బాండెల్ పోయాడు. మొదలుపెట్టినప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళవాడు, ముగించేసరికి డెబ్బై అయిదేళ్ళ ముసలివాడు. చివరి ఏళ్ళలో ఆ కొండ మీదే చిన్న గుడిసెలో ఉన్నాడని నువ్వు రాసిన వాక్యం బాగుంది. దాన్ని ఆరో పేజీలోంచి తీసి మొదటి పేజీకి తే.

హెర్మన్ రోమన్లను ఓడించిన యుద్ధం సరిగ్గా ఆ కొండ మీదే జరిగిందని రాశావు, అది కొట్టెయ్యి. క్రీ.శ. 9లో రోమన్ సేనాని వారుస్ నడిపిన మూడు లీజియన్లు (పెద్ద సైన్య దళాలు) నాశనమైన చోటు ఓస్నాబ్రూక్ దగ్గరి కాల్క్రీజ అయివుంటుందని, 1987 తర్వాత అక్కడ దొరికిన వస్తువుల్ని బట్టి చాలామంది పండితులు భావిస్తున్నారు. శిరస్త్రాణం మీది రెక్కలు కూడా పందొమ్మిదో శతాబ్దపు ఊహే. అది నిజమైన జర్మానిక్ వేషమని రాయకు.

పీఠం గూటిలో విల్‌హెల్మ్ ముఖం ఉబ్బెత్తుగా ఉంటుంది. దాన్ని ఫ్రెంచివాళ్ళ నుంచి పట్టుకున్న ఫిరంగి కంచుతో చేశారు. అక్కడ మాత్రం "పోశారు" అని రాయి.

తిరగరాసి పంపు. కాగితానికి ఒక పక్కనే రాయి, దిద్దడానికి చోటు కావాలి.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి