విల్లో మొక్క కొనేముందు పూర్తి పేరు అడుగు

చిరంజీవి చిట్టికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ మిషిగన్ ఇంటి వెనక కుంట గట్టున కొమ్మలు కిందికి వేలాడే చెట్టు, వీపింగ్ విల్లో పెడతానన్నావు, చాలా సంతోషం. కానీ నర్సరీకి వెళ్లి ఊరికే "వీపింగ్ విల్లో ఇవ్వండి" అనకు. ఆ మాట మీద రకరకాల చెట్లు అమ్ముతారు.

ఒహాయోలో ఉన్నప్పుడు నేనూ ఒకటి కొన్నాను. చీటీ మీద సాలిక్స్ బాబిలోనికా అని శాస్త్రీయ నామం ఉంది. ఆకు రాలాక చూస్తే కొమ్మలన్నీ నిండు పసుపు రంగు. బాబిలోనికా కొమ్మలు గోధుమ రంగులో ఉంటాయి. నాకొచ్చింది సంకరం, అంటే రెండు జాతులు కలిసి పుట్టిన చెట్టు.

అసలు బాబిలోనికా అనే పేరే పొరపాటు. దాని పుట్టిల్లు చైనా. బైబిల్ 137వ కీర్తనలో బబులోను నదుల దగ్గర నిరవంజి చెట్లకు సితారాలు తగిలించారని ఉంటుంది కదా, మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ ఇదే ఆ చెట్టనుకున్నాడు. అక్కడ ఉండేవి యూఫ్రటిస్ ఒడ్డున పెరిగే పాప్లర్లు. అయినా 1753లో పెట్టిన ఆ పేరే ఇప్పటికీ చెల్లుతోంది. అర్థం తప్పినంత మాత్రాన పేరు మార్చకూడదని నియమం.

బాబిలోనికా మీ చలికి సరిగ్గా తట్టుకోదు. అందుకే చలి ప్రాంతాల్లో కనిపించేవి ఎక్కువగా సంకరాలే. తెల్ల విల్లో, అంటే సాలిక్స్ ఆల్బాతో కలిస్తే సాలిక్స్ × సెపల్క్రాలిస్. క్రాక్ విల్లో అనే మరో విల్లో జాతితో కలిస్తే సాలిక్స్ × పెండ్యులినా, మీ పక్క రాష్ట్రం పేరుతో విస్కాన్సిన్ విల్లో అనేది ఇందులోదే. ఆ క్రాక్ విల్లోని పాత పుస్తకాలు ఫ్రజైలిస్ అంటాయి, 2009 తర్వాతివి యూక్సైనా అంటాయి. కంగారుపడకు, చెట్టు అదే.

మధ్యలో ఉన్న ఆ గుణకార గుర్తును వదిలెయ్యకు. సంకరమని చెప్పేది అదే. అది కీబోర్డులో దొరక్కపోతే ఇంగ్లీషు చిన్న ఎక్స్ రాసినా ఒప్పుకుంటారు.

ఇక్కడే చాలామంది పొరబడతారు, జాగ్రత్తగా చదువు. సెపల్క్రాలిస్ అన్నది ఆ ఇద్దరు తల్లిదండ్రుల సంతానమంతటికీ ఇంటిపేరు లాంటిది. ఆల్బా తల్లయినా తండ్రయినా అదే పేరు. ఒకే కడుపున పుట్టినా అందరూ ఒకేలా ఉండరు కదా? నీకు కావలసిన బంగారు రంగు కొమ్మల చెట్టు అందులో ఒకే ఒక్కటి, 'క్రైసోకోమా'. గ్రీకులో బంగారు జుట్టు అని అర్థం. ఆ పేరు ఒంటి కోట్స్‌లో రాస్తారు. గింజ నుంచి ఆ చెట్టే మళ్లీ రాదు, కొమ్మ గుచ్చితేనే వస్తుంది. కాబట్టి కోట్స్‌లో పేరు లేని మొక్క ఎంత చవకగా వచ్చినా తీసుకోకు.

నాటేటప్పుడు ఇంటికీ సెప్టిక్ ట్యాంకుకీ కనీసం 50 అడుగులు వదులు. తడి ఎక్కడుంటే వేళ్లు అక్కడికి పోతాయి, పగిలిన పైపుల్లో దూరతాయి.

నర్సరీ చీటీ ఎండకు వెలిసిపోతుంది. మెత్తటి అల్యూమినియం రేకు మీద పూర్తి పేరు నొక్కి రాసి, చెట్టు పక్కన కర్ర పాతి దానికి తీగతో కట్టు. కొమ్మకు మాత్రం కట్టకు, అది లావెక్కేకొద్దీ తీగ కోసుకుపోతుంది.

మీ పెద్దమ్మ