మిసెల్ కొలవబోయే అమ్మాయికి

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. సోడియం డోడెసైల్ సల్ఫేట్ అనే సబ్బులాంటి పదార్థానికి సందిగ్ధ మిసెల్ గాఢత (దాని అణువులు నీటిలో మిసెల్ అనే ముద్దలుగా చేరడం మొదలయ్యే గాఢత) మూడుసార్లు కొలిస్తే మూడు అంకెలు వచ్చాయని, అందులో ఏది నమ్మాలో చెప్పమని అడిగావు. అంకెల సంగతికి తర్వాత వస్తాను. రెండో పేజీలో నువ్వు రాసిన ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘తోకలు నీటిని ద్వేషిస్తాయి కాబట్టి ఒకచోట చేరతాయి’ అన్నావు. నేనూ ఏళ్ల తరబడి తరగతిలో అదే చెప్పాను కాబట్టి నిన్ను తిట్టే హక్కు నాకు లేదు.

ఈ అణువుకు ఒక చివర సల్ఫేట్ తల, వెనక పన్నెండు కార్బన్ల తోక. ఆ తోకకు నీటి మీద పగేమీ లేదు. రెంటి మధ్యా కాస్తో కూస్తో ఆకర్షణ కూడా ఉంటుంది. ఇబ్బందంతా నీటిది. నీటి అణువులు ఒకదానితో ఒకటి హైడ్రోజన్ బంధాలు అల్లుకుంటూ, విప్పుకుంటూ, క్షణక్షణం జోడీలు మార్చుకుంటూ ఉంటాయి. మధ్యలో తోక వచ్చి పడితే దానితో బంధం కుదరదు. ఉన్న బంధాలు పోగొట్టుకోకుండా దాని చుట్టూ ఒద్దికగా సర్దుకోవాలి. అంటే తిరిగే స్వేచ్ఛ తగ్గుతుంది, ఎంట్రోపీ (అణువులు ఎన్ని తీరుల్లో అమరగలవో చెప్పే కొలత) పడిపోతుంది. తోకలన్నీ ఒక ముద్దగా చేరితే ఆ కట్టుబాటు తొలగి నీళ్లు తెరిపిన పడతాయి. 25 డిగ్రీల దగ్గర నీ పదార్థం మిసెల్లుగా మారేటప్పుడు ఉష్ణంలో తేడా దాదాపు సున్నా. పని నడిపించేది ఎంట్రోపీయే. అందుకే మిసెల్‌ను తలచుకున్నప్పుడల్లా ముందు చుట్టూ ఉన్న నీటిని తలచుకో.

మరి ముద్ద పెరుగుతూనే ఎందుకు పోదు? తలలు ఒప్పుకోవు. ప్రతి సల్ఫేట్ తల మీదా రుణావేశం ఉంది, పక్కవాణ్ణి తోస్తుంది, పైగా దానికి నీళ్లు కావాలి. ఈ లెక్క ఒక్కసారైనా చేత్తో చేయి. తోక పొడవు, ఘనపరిమాణం లెక్కగట్టే టాన్‌ఫర్డ్ సూత్రాల ప్రకారం పన్నెండు కార్బన్ల తోక పూర్తిగా చాపితే 1.67 నానోమీటర్లు, ఘనపరిమాణం 0.35 ఘన నానోమీటర్లు. మిసెల్‌లో తోకలు లోపలికి, తలలు బయటికి ఉంటాయి; మధ్యలో ఖాళీ మిగలకూడదంటే తోకల గోళం వ్యాసార్ధం తోక పొడవును మించరాదు. ఆ గోళం ఘనపరిమాణాన్ని 0.35తో భాగించు, ఒక మిసెల్‌కు సుమారు 56 అణువులు వస్తాయి. ప్రయోగాల్లో దొరికేది అరవై, అరవై రెండు. ఒక్క కాగితం ముక్క మీద ఇంత దగ్గరికి రావడం చూసి మొదటిసారి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మిగతా ఆ నాలుగారు అణువుల కోసం మిసెల్ కొంచెం నొక్కుకుపోయి ఉంటుందని అనుకో, నష్టం లేదు. అదే తలకు రెండో తోక తగిలించి చూడు. ఘనపరిమాణం రెట్టింపవుతుంది, గోళం కుదరదు, రెండు పొరల పలక వస్తుంది. జీవకణాల పొరల్లో ఉన్న అమరిక అదే.

ఇక నీ అంకెలు. 7.6, 8.1, 8.3 మిల్లీమోలార్. 25 డిగ్రీల వద్ద స్వచ్ఛమైన నీటిలో అందరూ ఒప్పుకునే విలువ 8.2 చుట్టూ ఉంటుంది. మిసెల్లు ఒక్క గీత దాటగానే పుట్టవు. ఒక చిన్న వ్యవధిలో పుంజుకుంటాయి. ఆ వ్యవధిని వాహకత (ద్రావణం విద్యుత్తును మోసే గుణం) ఒక రకంగా చూస్తుంది, తలతన్యత (ద్రవం ఉపరితలపు బిగువు) మరో రకంగా చూస్తుంది. కాబట్టి చివరి రెంటి మధ్య తేడాకు బెంగ వద్దు. 7.6 మాత్రం నాకు అనుమానమే. బీకరులో ఉష్ణోగ్రత నిలకడగా ఉందా? ఒక డిగ్రీ పెరిగితే వాహకత సుమారు రెండు శాతం పెరుగుతుంది. నీటిలో ఉప్పు జాడ ఉందా? 0.1 మోలార్ సోడియం క్లోరైడ్ కలిపితే ఈ గాఢత ఒకటిన్నర మిల్లీమోలార్ దాకా పడిపోతుంది, ఎందుకంటే సోడియం అయాన్లు తలల మధ్య తోపులాటను చల్లారుస్తాయి.

నేనైతే ఇలా చేస్తాను. 2.884 గ్రాములు తూచి 100 మిల్లీలీటర్లకు కలుపుతాను, 0.1 మోలార్ అవుతుంది. నురగ రాకుండా మెల్లగా తిప్పుతాను, కుదపను. బీకరులో 50 మిల్లీలీటర్ల నీళ్లు పెట్టి బ్యూరెట్ నుంచి ఆ ద్రావణాన్ని పావు మిల్లీలీటరు చొప్పున వదులుతాను. ప్రతిసారీ వాహకత రీడింగ్ స్థిరపడేదాకా ఆగుతాను. నాలుగున్నర మిల్లీలీటర్ల దగ్గర వాహకత గీత వాలు తగ్గుతుంది. అక్కడ ఆపేయకు, పది దాకా పోనీ. వంపుకు దూరంగా ఉన్న బిందువుల నుంచి రెండు గీతలు గీస్తేనే అవి కలిసే చోటు నమ్మదగ్గది.

తలతన్యత గ్రాఫులో ఆ గాఢతకు కాస్త ముందు చిన్న గుంట కనబడిందని రాశావు. చదివి నవ్వుకున్నాను. చదువుకునే రోజుల్లో నాకూ అదే గుంట వచ్చింది. ఏదో కొత్త విషయం కనిపెట్టానని మూడు నెలలు కాగితాలు నింపాను. ద్రావణం పాతది. సల్ఫేట్ మెల్లగా జలవిశ్లేషణ చెంది (నీటితో చర్య జరిగి విడిపోయి) డోడెకనాల్ అనే ఆల్కహాల్ పుట్టింది. అది ఉపరితలానికి చేరి తలతన్యతను ఇంకా దించింది. మిసెల్లు రాగానే వాటి కడుపులోకి జారుకుంది, గీత మళ్లీ పైకి లేచింది. నా ఆవిష్కరణ అంతా అర చిటికెడు మాలిన్యం! నీ ద్రావణం ఎప్పుడు కలిపావో సీసా మీద తేదీ చూడు. పదార్థాన్ని ఇథనాల్ నుంచి మళ్లీ స్ఫటికీకరించి, తాజాగా కలిపి కొలువు. గుంట పోతే పదార్థం శుద్ధమైనట్టే.

వచ్చే నెల సీటాబ్ (సెటైల్ ట్రైమిథైల్ అమ్మోనియం బ్రోమైడ్, ఇలాంటిదే మరో పదార్థం) మొదలుపెడతానన్నావు. దాని తల ధనావేశం కలది, గాజుకు అంటుకుంటుంది. సల్ఫేట్ వాడిన పాత్రల్లో దాన్ని పోయకు, రెండూ కలిస్తే తెల్లగా విరిగిపోతాయి. గది చల్లగా ఉన్న ఉదయాల్లో సీసా అడుగున పలుకులు కనబడితే కంగారు పడి పారబోయకు, 30 డిగ్రీల దగ్గర ఉంచితే కరిగిపోతాయి.

గ్రాఫులు పంపు. కంప్యూటర్ గీసినవి కాదు, పెన్సిల్‌తో నువ్వు గీసినవి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు