పదేళ్ళు పక్కన పెట్టిన కెమిస్ట్రీ మళ్ళీ వస్తుందా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర ఒక పల్లె. నాలుగెకరాల రొయ్యల చెరువు ఉంది. మా అమ్మాయి 2015లో ఎంపీసీ గ్రూపుతో బీఎస్సీ పూర్తిచేసింది. ఆ ఏడాదే పెళ్ళి చేశాం. ఇద్దరు పిల్లలు, ఇద్దరూ బడికి వెళ్తున్నారు. ఇప్పుడు ఇంట్లోనే కూర్చుని కెమిస్ట్రీ మళ్ళీ మొదటినుంచి చదువుకుని ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష రాస్తానంటోంది. మా బంధువులంతా మెడికల్ కోడింగ్ నేర్పించమంటున్నారు. ఆరు నెలల్లో ఉద్యోగం, అదీ ఇంటినుంచే అని చెబుతున్నారు. ఇన్నేళ్ళ తర్వాత కోచింగ్ లేకుండా కెమిస్ట్రీ వస్తుందా? రెండింటిలో ఏది మేలో పోల్చి చెప్పగలరు.
– ఒక తండ్రి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తూనే ఉంటాయి. ఊరి పేరు మారుతుంది, కోర్సు పేరు మారుతుంది, లోపలి భయం మాత్రం ఒక్కటే. అమ్మాయి ఉత్సాహంగా మొదలుపెట్టి మధ్యలో ఆపేస్తే అత్తవారింట్లోనూ, నలుగురిలోనూ మాట పడవలసి వస్తుందేమోనన్నదే ఆ భయం. మీరు పోలిక అడిగారు కాబట్టి పోలికా చెబుతాను. అయితే ముందుగా మీ మొదటి ప్రశ్నకు సూటి జవాబు: వస్తుంది. ఒకసారి అర్థం చేసుకుని చదివిన కెమిస్ట్రీ పదేళ్ళకు మసకబారుతుందే గాని పూర్తిగా చెరిగిపోదు. సూత్రాలు, సమీకరణాలు, పేర్లు మరిచిపోయి ఉంటుంది. కానీ ఒక చర్య ఎందుకు ఒకవైపుకే మొగ్గుతుందో ఒకప్పుడు పట్టుబడిన మనిషికి, రెండోసారి చదివేటప్పుడు అది మొదటిసారి కంటే చాలా త్వరగా పట్టుబడుతుంది.

మీ అమ్మాయి చదువు మానేసిన ఈ కాలంలో ఆమె స్థాయి కెమిస్ట్రీ ఏమంత మారిపోలేదు కూడా. 2016లో 113, 115, 117, 118 పరమాణు సంఖ్యల మూలకాలకు నిహోనియం, మాస్కోవియం, టెన్నెసీన్, ఓగనెస్సాన్ అని పేర్లు ఖాయమై ఆవర్తన పట్టికలో ఏడో వరుస నిండింది. పదార్థం ఎంత ఉందో కణాల లెక్కన చెప్పే ప్రమాణమైన మోల్ నిర్వచనం 2019 మే 20 నుంచి మారింది. 12 గ్రాముల కార్బన్-12లో ఉండే పరమాణువుల సంఖ్య అని ఆమె చదువుకున్న చోట, ఇప్పుడు సరిగ్గా 6.02214076 × 10²³ కణాలు అని చదవాలి. లెక్కలు చేసే పద్ధతిలో తేడా ఏమీ లేదు. పాత పుస్తకాలు అటక మీద ఉంటే దించమనండి, పాత కాగితాల వాడికి వేయకండి. ఇటీవలి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లో ఘనస్థితి, ఉపరితల రసాయన శాస్త్రం, లోహ సంగ్రహణం వంటి అధ్యాయాలను తొలగించారు. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షకు తయారయ్యేవారికి అవి కావలసినవే.

ఎక్కడ మొదలుపెట్టాలన్న విషయంలోనే చాలామంది తప్పటడుగు వేస్తారు. డిగ్రీ ఉంది కదా అని నేరుగా డిగ్రీ మూడో సంవత్సరం పుస్తకం తెరుస్తారు, నాలుగు పేజీలకే కళ్ళు తిరుగుతాయి, ఇక నావల్ల కాదని మూసేస్తారు. మీ అమ్మాయి ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం పుస్తకంతో ప్రారంభించాలి, అందులో నామోషీ ఏమీ లేదు. మోల్ లెక్కలు, పరమాణు నిర్మాణం, రసాయన బంధం, సమతాస్థితి అన్న నాలుగు అధ్యాయాలను అభ్యాసాలతో సహా పూర్తిచేస్తే మిగతా పుస్తకంలో సగం భారం దిగిపోతుంది. ఆర్గానిక్‌లో చర్యల పేర్లు కంఠస్థం చేయడం మాని, ఎలక్ట్రాన్ల జంట ఎక్కడినుంచి ఎక్కడికి కదులుతుందో బాణం గుర్తులతో తన చేత్తో గీయాలి. ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ వేదికలో ఐఐటీ ఆచార్యుల పాఠాలు ఉచితంగానే దొరుకుతాయి, కేంద్ర ప్రభుత్వపు స్వయం పోర్టల్‌లో కూడా ఉన్నాయి. అయితే వీడియో చూసినంతసేపూ అంతా తెలిసినట్టే అనిపిస్తుంది, కాగితం ముందుపెట్టుకుంటే పెన్ను కదలదు. అందుకని గంట పాఠం వింటే రెండు గంటలు లెక్కలు చేయాలన్నది నేను అందరికీ చెప్పే నియమం, ఇందులో బేరం లేదు.

మీది రొయ్యల చెరువు అన్నారు కాబట్టి సమతాస్థితి అధ్యాయాన్ని మీ గట్టు మీదే చూపిస్తాను. ల్యాబ్ వాళ్ళు ఇచ్చే కాగితంలో అమ్మోనియా అని ఒక అంకె ఉంటుంది. చాలా పరీక్షల్లో అది మొత్తం అమ్మోనియా, అంటే రొయ్యకు పెద్దగా హాని చేయని అమ్మోనియం అయాన్, హాని చేసే అమ్మోనియా రెండూ కలిసిన లెక్క. ఆ రెండూ ఒకటి మరొకటిగా మారుతూ సమతాస్థితిలో ఉంటాయి, వాటిలో ఏది ఎంత అన్నది నీటి ఆమ్ల, క్షార స్థాయిని చెప్పే పీహెచ్ తేలుస్తుంది. 25 డిగ్రీల దగ్గర, మంచినీటి లెక్కన, పీహెచ్ 7.8 ఉంటే హాని చేసే భాగం దాదాపు 3.4 శాతం, 8.8కి చేరితే దాదాపు 26 శాతం. పగలంతా నీటిలోని నాచు కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటుంది కాబట్టి సాయంత్రానికి పీహెచ్ పెరుగుతుంది. తెల్లవారుజామున ప్రమాదం లేదనిపించిన అదే అంకె సాయంత్రానికి ప్రమాదకరమవుతుంది, నీళ్ళు ఇంకాస్త వేడెక్కితే మరీను. ఆ వేళప్పుడు ఎవరో చెప్పారని తడిపిన సున్నం చల్లితే పీహెచ్ ఇంకా పైకి పోయి కీడే ఎక్కువ జరుగుతుంది. అమ్మోనియాను పట్టుకుంటుందని జియోలైట్ అనే ఖనిజపు పొడిని బస్తాలకు బస్తాలు చల్లడమూ పెద్దగా ఫలించదు: ఉప్పు ఎక్కువున్న నీటిలో సోడియం అయాన్లు పోటీకి వస్తాయి గనుక అది అమ్మోనియాను పట్టుకునే శక్తి బాగా తగ్గిపోతుంది. దీనికంతటికీ కావలసింది ఇంటర్ పుస్తకంలోని ఒక్క సమీకరణం, కాస్త లాగరిథమ్‌ల అభ్యాసం. మీ అమ్మాయి ఆ అధ్యాయం ముగించిన వారం మీ చెరువు కాగితాలు ఆమె చేతికివ్వండి, పదేళ్ళ తర్వాత వస్తుందా రాదా అన్నది మీకే తెలుస్తుంది.

ఇంటి చదువులో నిజమైన లోటు ప్రయోగశాల. పుస్తకం ఎంత చదివినా, ఈడీటీఏ అనే రసాయనంతో నీటి కాఠిన్యం కొలిచేటప్పుడు ద్రాక్షరంగు పోయి నీలం తేలే ఆ ఒక్క చుక్క దగ్గర బ్యూరెట్ (చుక్కచుక్కగా ద్రవం వదిలే గాజుగొట్టం) ఆపడం చేతికి రావాలంటే చేతితో చేయవలసిందే. ప్రభుత్వం నిర్వహించే వర్చువల్ ల్యాబ్స్ కొంతవరకు ఉపయోగపడతాయి. మీ ప్రాంతంలో నీటి పరీక్షలు చేసే ఆక్వా ల్యాబులకు కొదవ లేదు. మీకు పరిచయమున్న చోట వారానికి ఒక పూట దగ్గరుండి చూసే వీలు కల్పించమని అడగండి. అక్కడ మాలిబ్డేట్ అనే రసాయనం కలిపి నీలిరంగు రప్పించి ఫాస్ఫేట్ కొలుస్తుంటే చూడమనండి. ఆ రకం పరీక్షల్లో పేరుమోసిన ఫిస్కే–సుబ్బారావు పద్ధతి 1925 నాటిది, అందులోని సుబ్బారావు మీ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. జయంతి సభల్లో ఆయనకు దండలు వేస్తాం గాని, ఆయన చేసిన పని ఏమిటో పిల్లలకు చెప్పేవారు తక్కువ.

ఇక మెడికల్ కోడింగ్. అది పనికిరాని వృత్తి అని నేను అనను. ఫార్మసీ, నర్సింగ్, లైఫ్ సైన్సెస్ చదివిన పిల్లలు కొందరు దానితో మర్యాదగానే స్థిరపడ్డారు. అమెరికాలో రోగికి జరిగిన వైద్యం తాలూకు పత్రాలు చదివి, జబ్బుకు ఐసీడీ-10 కోడు, చికిత్సకు సీపీటీ కోడు కేటాయించడం ఆ పని. ఆ కోడ్లను బట్టే అక్కడి బీమా సంస్థలు చెల్లింపులు చేస్తాయి. దానికి శరీర నిర్మాణ శాస్త్రం రావాలి, వైద్య పరిభాష రావాలి, వైద్యులు రాసిన ఆంగ్లం వేగంగా చదివి గ్రహించగలగాలి. మీ అమ్మాయిది ఎంపీసీ, జీవశాస్త్రం పదో తరగతితోనే వదిలేసింది. మరిచిపోయిన కెమిస్ట్రీ తిరిగి వస్తుందో రాదో అని సందేహిస్తున్న మీరు, అసలు ఎన్నడూ చదవని విషయం ఆరు నెలల్లో వచ్చేస్తుందని ఎలా నమ్మారో నాకు అర్థం కాలేదు.

ఇంటినుంచే పని అన్న మాట కూడా సగమే నిజం. కొత్తవారిని సాధారణంగా ముందు ఆఫీసులో కూర్చోబెట్టి పని నేర్పిస్తారు. ఆ ఆఫీసులు ఎక్కువగా హైదరాబాదులోనో చెన్నైలోనో ఉంటాయి గాని మీ కాలువ గట్టున ఉండవు. రోజుకు ఇన్ని చార్టులు (రోగుల వైద్య పత్రాలు), ఇంత శాతం కచ్చితత్వం అన్న లక్ష్యాలు ఉంటాయి. సీపీసీ అనే కోడింగ్ ధ్రువపత్రానికి పరీక్ష వేరే, దాని రుసుము వేరే, శిక్షణ సంస్థకు కట్టిన డబ్బులో అవి కలిసి ఉన్నాయో లేదో ముందే అడగాలి. వీటన్నిటికంటే నన్ను ఆలోచింపజేసేది ఇంకొకటి. ఒకే రకంగా ఉండే మామూలు చార్టులను సాఫ్ట్‌వేరే చదివి కోడ్లు కేటాయించే రోజులు వచ్చాయి. అటువంటప్పుడు ముందుగా తగ్గేది అనుభవం లేనివారికి ఇచ్చే పనే అని నా అనుమానం. ఉద్యోగం గ్యారంటీ అని బోర్డు పెట్టిన వారిని, ఆ గ్యారంటీ ఏమిటో, ఉద్యోగం రాకపోతే ఫీజులో ఎంత వెనక్కి ఇస్తారో కాగితం మీద రాసిమ్మనండి. ఆ కాగితం చేతికి వస్తే నాకు మళ్ళీ ఉత్తరం రాయండి.

కాస్త కటువుగా ఉన్నా ఒక మాట అనక తప్పదు. మీ ఉత్తరంలో బంధువులు ఏమంటున్నారో ఉంది, అమ్మాయికి కెమిస్ట్రీయే ఎందుకు కావాలో ఒక్క వాక్యం లేదు. డిగ్రీ చేతికి వచ్చిన ఏడాదే పెళ్ళి చేసినప్పుడు చదువు ఏమవుతుందని అడగని బంధువులు ఇప్పుడు ఏ కోర్సు చేయాలో చెబుతుంటే మీరు ఎందుకు వింటున్నారు? సీడు (రొయ్యపిల్లలు) వేసిన ప్రతిసారీ పంట చేతికి వస్తుందన్న హామీ లేకుండానే లక్షలు నీళ్ళలో పోసే మీరు, కూతురు పుస్తకం తెరిచేముందు మాత్రం ఫలితానికి హామీ అడుగుతున్నారు. ఆమెకు నిజంగా లేనిది తెలివీ కాదు, కోచింగూ కాదు. రోజుకు ఎవరూ పిలవని రెండు గంటలు. ఆమె దగ్గరలోనే ఉంటే సాయంత్రం పూట పిల్లలను మీ ఇంటికి తెచ్చుకోండి. దూరమైతే అల్లుడుగారితో, వియ్యపురాలితో మీరే మాట్లాడండి. తండ్రి నోట వచ్చిన మాటకు మన ఇళ్ళల్లో ఇంకా విలువ ఉంది.

పోలిక అడిగారు గనుక ఎమ్మెస్సీ సంగతీ దాచకుండా చెబుతాను. కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసినంత మాత్రాన ఉద్యోగం ఇంటికి నడిచి రాదు. మందుల పరిశ్రమలో నాణ్యత పరీక్షల ఉద్యోగాలు ఉన్నాయి గాని అవి హైదరాబాదు చుట్టుపక్కల, విశాఖ దగ్గర పరవాడ వైపు ఎక్కువ. డెల్టా విడిచి వెళ్ళలేనివారికి కళాశాల అధ్యాపక వృత్తి, ఆక్వా ల్యాబులు, బీఎడ్ చేస్తే పాఠశాలలో భౌతిక రసాయన శాస్త్రాల బోధన మిగులుతాయి. జీతాలు మొదట్లో గొప్పగా ఉండవు. అయినా మీ అమ్మాయి విషయంలో నా మొగ్గు కెమిస్ట్రీ వైపే. ఆమెకు ఇప్పటికే సగం తెలిసినది అదే, అడిగినదీ అదే.

ప్రవేశ పరీక్షల అర్హతలు, తేదీలు ఆమె చూసుకోగలదు, వాటి జోలికి నేను పోను. ఈ ఏడాది మాత్రం పరీక్ష ఊసు ఎత్తకండి. మొదటి ఆరు నెలలు ఇంటర్ పుస్తకాలు రెండూ, ఆ తర్వాత డిగ్రీ పుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు వచ్చే ఏడాది. మూడు నెలల తర్వాత మోల్ లెక్కలు తప్పు లేకుండా చేయగలుగుతున్నదో లేదో, సమతాస్థితి అధ్యాయం ఎంతవరకు వచ్చిందో రాయమనండి. ఆ ఉత్తరం మీరు కాకుండా ఆమే రాస్తే మంచిది.