ఢిల్లీ మ్యూజియానికి వెళ్తున్న మేనకోడలికి

చి.ల.సౌ. అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

పిల్లలనూ మీ అత్తగారినీ తీసుకుని ఢిల్లీ వెళ్తున్నారని అమ్మ చెప్పింది. ఎర్రకోట, కుతుబ్‌మీనార్ చూశాక సాయంత్రం గంట మిగిలితే నేషనల్ మ్యూజియానికి పోదామనుకుంటున్నారట. ఆ పని మాత్రం చేయకు. కాళ్లు పీకుతుంటే కళ్లకు ఏదీ ఆనదు. పొద్దున్నే, తలుపులు తీసే వేళకు వెళ్లండి. సోమవారం సెలవు.

అన్నీ చూడాలని పట్టుబట్టకండి. అక్కడి సేకరణ రెండు లక్షల పైచిలుకు. టికెట్ డబ్బు గిట్టుబాటు కావాలని పిల్లలను గదిగదికీ ఉరికించే తండ్రులుంటారు. మీ ఆయనకు ఈ మాట ముందే చెవిన వేయి.

మొదట హరప్పా గ్యాలరీ. మొహంజొదారోలో 1926లో దొరికిన నాట్యగత్తె బొమ్మ అక్కడుంది. పాఠ్యపుస్తకంలో పేజీ నిండా చూసిన పిల్లలు నిలువెత్తు విగ్రహం కోసం వెతుకుతారు. అసలు ఎత్తు పదిన్నర సెంటీమీటర్లే! ముందుగా ఎవరు కనిపెడతారో పందెం పెట్టు. తర్వాత గాజులు చూడమను. ఎడమ చేతికి భుజం దాకా ఉంటాయి, కుడి చేతికి నాలుగే. నడుము మీద చెయ్యి, పైకెత్తిన గడ్డం చూస్తే ఎవరికీ జంకే పిల్లలా అనిపించదు. మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో కంచు పోశారు. మన గుళ్లలోని ఉత్సవ విగ్రహాలను స్థపతులు నేటికీ పోతపోసేది ఈ పద్ధతిలోనే. ఆ గ్యాలరీలోనే, హర్యానాలో హరప్పా కాలపు ఊరైన రాఖీగఢీలో, ఒక సమాధిలో దొరికిన స్త్రీ అస్థిపంజరం ఉంది. చిన్నవాడు భయపడతాడేమోనని దాటవేయకు. పక్కనున్న కుండలు చూపించు, భయం దానంతటదే పోతుంది.

అక్కడి నుంచి నాగార్జునకొండ శిల్పాల దగ్గరికి వెళ్లండి. ఆ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకు రాజుల కాలం నాటివి, క్రీ.శ. 3వ శతాబ్దం ప్రాంతానివి. పల్నాటి సున్నపురాయి మీద బుద్ధుని కథలు చెక్కారు. సాగర్ నీళ్లలో మునిగిపోయిన లోయవి అవి. మీ అత్తగారిది మాచర్ల వైపే కదా, అక్కడ నువ్వు మాట్లాడకు, ఆవిడను చెప్పనివ్వు. బోర్డు మీద రాయని సంగతులు ఆవిడ దగ్గరే ఎక్కువుంటాయి. ఆవిడను మధ్యమధ్య కూర్చోబెడుతుండు. రాతి నేల మీద నడక మోకాళ్లను తినేస్తుంది.

సంచులు బయట అప్పగించాల్సి వస్తుంది కాబట్టి తక్కువ సామానుతో వెళ్లండి. మరమ్మతులకని అప్పుడప్పుడూ గదులు మూసేస్తుంటారు. హరప్పా గ్యాలరీ తెరిచి ఉందో లేదో టికెట్ కొనేటప్పుడే కనుక్కో. మూసి ఉంటే పిల్లలకు ముందే చెప్పి, తిన్నగా కంచు విగ్రహాల గదికి తీసుకెళ్లు. చోళుల నటరాజు ఉంటాడు.

మామయ్య