మీ నర్సరీ ప్రశ్నలు: వేరు పట్టని కొమ్మ, చెప్పకుండా దాచిన లెక్క

ప్రశ్న (ఆనందపురం): జులైలో కాగితం పూల కొమ్మలు 2,000 కవర్లలో పెట్టాం. మూడు వారాలకే సగానికి పైగా అడుగు నల్లబడి కుళ్లిపోయాయి. ఎర్రమట్టి, పశువుల ఎరువు, ఇసుక సమపాళ్లలో కలిపాం. వేరు పుట్టించే హార్మోన్ ఐబీఏ పొడి తెచ్చి నీళ్లలో కలిపి ముంచాం కూడా. తప్పెక్కడ జరిగింది?

జవాబు: ముందు కుళ్లిన కొమ్మలు ఓ పది పీకి, అడుగు వేళ్ల మధ్య నలిపి చూడండి. జిగటగా నలిగి వాసన వస్తే నీరు ఎక్కువైంది. ఎండిన పుల్లలా గోధుమ రంగులో విరిగితే నీరు చాలలేదు. అడుగున తెల్లటి బొడిపె కట్టి వేరు రాకపోతే కొమ్మ బతికే ఉంది, ఇంకో రెండు వారాలు ఆగొచ్చు. మీరు చెప్పిన లక్షణం మొదటిదే.

వేరు లేని కొమ్మకు ఎరువుతో పని లేదు. తినడానికి దానికి నోరే లేదు కదా! సరిగా మాగని పశువుల ఎరువు తడిలో వేడెక్కుతుంది, కుళ్లు తెచ్చే బూజులకు మేతవుతుంది. ఎర్రమట్టి వానకు గట్టిపడి కవర్ అడుగున గాలి ఆడనివ్వదు. వేరు పుట్టడానికి తడితో పాటు గాలీ కావాలి. అందుకే ఏటి ఇసుక, కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సగం సగం వాడండి. వేరు వచ్చాకే మట్టి, ఎరువు ఉన్న కవర్‌లోకి మార్చండి.

ఇసుక సంగతి విశాఖవాళ్లకు గట్టిగా చెప్పాలి. బీచ్ ఇసుక తేవద్దు. ఎంత కడిగినా ఉప్పే పోతుంది, గవ్వల ముక్కలు పోవు. ఆ సున్నం వల్ల మిశ్రమం క్షారంగా మారుతుంది. భీమిలి వైపు నల్ల ఇసుక ఎండకు త్వరగా కాలుతుంది కూడా. కోకోపీట్‌లోనూ ఉప్పుంటుంది. 5 కిలోల ఇటుకను నానబెట్టి, పిండి, మళ్లీ నీళ్లు పోసి, కారిన నీటిని ఈసీ మీటర్‌తో (నీటిలో ఉప్పు ఎంతుందో చూపేది) చూడండి. మీరు పోసిన నీటి ఈసీకి దగ్గరగా వచ్చేదాకా కడగాలి. తీరప్రాంత బోర్లలో నీరే ఉప్పగా ఉంటే ఈ కడుగుడు ఫలించదు. అప్పుడు వాన నీరు పట్టి ఉంచుకోవడమే దారి.

రెండో తప్పు ఐబీఏ. అది నీళ్లలో సరిగా కరగదు. మీరు చూసిన తేట నీటి అడుగున మందు అలాగే పేరుకుని ఉంటుంది. టాల్క్ కలిపి అమ్మే పొడి అయితే అసలు కలపడానికే కాదు, కొమ్మ అడుగుకు అద్దడానికి. అసలు ఐబీఏ అయితే 3,000 పీపీఎంకు (పది లక్షల పాళ్లలో 3,000 పాళ్లు) 100 మిల్లీలీటర్లలో 300 మిల్లీగ్రాములు పడాలి. ఇది బంగారం తూచే చిన్న త్రాసు మీద తూచాల్సిన లెక్క. 50 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో పూర్తిగా కరిగించి, ఆపైన శుద్ధజలం మెల్లగా పోస్తూ 100 మి.లీ. చేయండి. పాలలా తెల్లబడితే నీరు తొందరగా పోసినట్టు, లేదా ఆల్కహాల్ చాలనట్టు. ముదురు రంగు సీసాలో, చల్లగా ఉంచాలి. వాడేటప్పుడు చిన్న గిన్నెలోకి వంచుకోండి. మిగిలింది సీసాలోకి తిరిగి పోయొద్దు, ఒక కుళ్లు కొమ్మ చాలు మొత్తం పాడవడానికి.

కొమ్మ పెన్సిల్ మందం, 15–20 సెం.మీ. పొడవు, మూడు నాలుగు కణుపులు. లేత పచ్చ కొమ్మలు వానలో కుళ్లుతాయి, నిరుటి గట్టి కొమ్మ తీసుకోండి. అడుగు కణుపు కింద తిన్నగా, పైన వాలుగా కోయండి. రేపు తలకిందులుగా నాటకుండా ఆ వాలే గుర్తు. అడుగు సెంటీమీటరున్నర 5 సెకన్లు ముంచి, ఆల్కహాల్ ఆరేదాకా రెండు నిమిషాలు గాలికి వదిలి, నాటండి. ఎక్కువసేపు ముంచితే అడుగు మాడి నల్లబడుతుంది, దాన్ని చాలామంది కుళ్లనుకుని మందు చల్లుతారు. కుళ్లు మొదలైన బెడ్డులో లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ పోయొచ్చు. కానీ నీరు నిలవడం ఆగనిదే మందు నిలబడదు. గుత్తి రేకల డబుల్ రకాలు మొండివి, వాటికి ఫలితం తక్కువే వస్తుంది, నిరాశపడకండి.

ప్రశ్న (భీమిలి): జీడిమామిడి అంట్లు వర్షాకాలంలో బాగానే వస్తున్నాయి. జనవరి, ఫిబ్రవరిలో కట్టినవి సగం పోతున్నాయి, బతికినవాటిలో కొన్ని కవర్‌లోనే పూత వేస్తున్నాయి.

జవాబు: ఆ నెలల్లో చెట్టు పూత మీద ఉంటుంది. మీరు అంటు కట్టడానికి తెచ్చిన పుల్ల చివర మొగ్గ చిగురుకు కాదు, పూతకు సిద్ధమైంది. పైగా ఎండు గాలికి కట్టు ఆరిపోతుంది. వర్షాకాలానికే పని ఎక్కువ పెట్టుకోండి.

పుల్లను పది రోజుల ముందే చెట్టు మీద తయారు చేయాలి: 3–5 నెలల వయసు కొమ్మకు కాడ ఉంచి ఆకు వరకే కత్తిరిస్తే మొగ్గ ఉబ్బుతుంది, కాడలు వాటంతట రాలిపోతాయి. అప్పుడు కోసిన పుల్లకు ప్రాణం ఉంటుంది. 45–60 రోజుల మొలక మీద అంతే మందం పుల్ల పెట్టండి. మొలకకు చీలిక 6 సెం.మీ., అందులో దిగేలా పుల్ల అడుగున చెక్కిన మొన కూడా అంతే. ఒక పక్కైనా బెరడుకు బెరడు కలవాలి. పాలిథిన్ పట్టీ కింద నుంచి పైకి బిగించి, లోపల తడిపిన గొట్టం కవర్ తొడిగి, 10–15 రోజులు నీడలో ఉంచండి. కవర్ తీశాక వెంటనే ఎండలోకి తేవద్దు.

ప్రశ్న (పెందుర్తి): అంటు కట్టడంలో మా పద్ధతి పక్క నర్సరీ వాళ్లకు చెబితే మా గిరాకీ పోతుందని నాన్నగారు అంటారు. నిజంగా పోతుందా?

జవాబు: నాన్నగారి భయం అర్థమవుతుంది, కానీ పోదు. మీ గిరాకీ మీ తల్లి మొక్కల్లో, మీ చేతిలో, సమయానికి మొక్క అందించడంలో ఉంది. అవి చెబితే వెళ్లేవి కావు. విశాఖ నర్సరీలు చాలావరకు కడియం నర్సరీల నుంచి వచ్చే లారీ మీద ఆధారపడటానికి ఒక కారణం, ఇక్కడ పుట్టించే పద్ధతి ఎవరికి వారు మూసిపెట్టుకోవడమే. 1951లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మొక్కలు పుట్టించేవాళ్లు ఒక సంఘం పెట్టుకున్నారు. ‘వెతుకు, పంచుకో’ వాళ్ల నినాదం. ఒకరితో ఒకరు పోటీపడే వ్యాపారులే అక్కడ కూర్చున్నారు.

అయితే ‘ఐబీఏ పెట్టాం, వచ్చింది’ అనడం పంచుకోవడం కాదు. రకం, కొమ్మ వయసు, కోసిన తేదీ, పీపీఎం, నాటిన మిశ్రమం, ఎన్ని పెట్టారు, ఎన్నో రోజుకు ఎన్నింటికి వేరు వచ్చింది, ఇవన్నీ ఒక పుస్తకంలో రాసి చూపండి. వైఫల్యాలు ముందు చెప్పండి, ఎదుటివారికి ఎక్కువ డబ్బు మిగిల్చేవి అవే. ఒక మార్పు పరీక్షిస్తే ఒకే రోజు కోసిన కొమ్మలను రెండు ట్రేల్లో యాభై యాభై పెట్టి, ఒక్కటే మార్చండి. ఒక ట్రేలో 36కి, రెండో ట్రేలో 34కి వేరు వస్తే అది తేడా కాదు. ఒకదాంట్లో 36, రెండోదాంట్లో 15 వచ్చి, మళ్లీ చేసినా అలాగే వస్తే అప్పుడు నమ్మండి.

ఒక్క హద్దు. పద్ధతి పంచుకోవచ్చు, రిజిస్టరైన రకం పుల్లలు అనుమతి లేకుండా పంచకూడదు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కింద చెట్లకు 18 ఏళ్లు, ఇతర పంటలకు 15 ఏళ్లు రక్షణ ఉంటుంది. రైతుకు ఇచ్చిన వెసులుబాటు నర్సరీ వ్యాపారానికి వర్తిస్తుందనుకోకండి.

ప్రశ్న (పెందుర్తి): జామ గాలి అంటు ఎప్పుడు కోయాలి?

జవాబు: తెల్ల వేర్లు పాలిథిన్ అంచుకు తగలగానే కోయొద్దు. అవి గోధుమ రంగుకు తిరిగి, వాటికి పిల్ల వేర్లు వచ్చేదాకా ఆగండి. వానాకాలంలో సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు. కోసే ముందు వారం కట్టు కింద సగం లోతుకు గాటు పెట్టి ఉంచితే కొమ్మ తన వేర్లకు అలవాటు పడుతుంది. సగం ఆకులు తీసి, వేర్ల చుట్టూ కట్టిన నాచు విప్పకుండానే కవర్‌లో నాటి, నెల రోజులు షేడ్‌నెట్ కింద ఉంచండి.