అమ్మ కాళ్ళ తిమ్మిర్లు: సూది కంటే ముందు చూడాల్సినవి

బిడ్డా,

షుగర్ ఉన్న అమ్మకు అరికాళ్ళు తిమ్మిర్లు ఎక్కుతున్నాయని, ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర బీ12 విటమిన్ సూదులు వేయిస్తే సరిపోతుందా అని నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. ఫోన్లో చెప్తే సగం మరిచిపోతావని రాస్తున్నాను, నింపాదిగా చదువు. సూది వద్దని అనను, సూది వేయించి ఊరుకోవద్దంటాను. దేవరకొండ వైపు పల్లెల్లో ఇన్నేళ్ళు ఏఎన్ఎంగా చేసి నేను చూసింది ఏంటంటే, నొప్పి ఉన్న కాలును ఎంత దూరమైనా ఆటో కట్టించుకొని దవాఖానకు తీసుకొస్తారు, నొప్పి తెలియని కాలును ఎవరూ పట్టించుకోరు, చివరికి వేళ్ళు తీసేయాల్సి వచ్చేది ఎక్కువగా ఆ నొప్పి తెలియని కాలికే.

ముందు అమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకొని అడుగు. చీమలు పాకినట్టు ఉందా, మంటగా ఉందా, అసలు తాకిందే తెలియడం లేదా? రెండు కాళ్ళా, ఒకటేనా? వేళ్ళ దగ్గర మొదలైందా, నడుము నుంచి కిందికి గుంజుతోందా? రాత్రి పడుకున్నాక ఎక్కువవుతుందా? నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియకుండా నాలుగడుగులు వేస్తోందా? ఈ చివరిది ఆమె తనంతట తాను చెప్పదు, నువ్వే గమనించు. ఇవన్నీ కాగితం మీద రాసుకొని డాక్టరు ముందు పెట్టు. తిమ్మిర్లు అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటే ఆయన కూడా ఒక గోలీ రాసి పంపిస్తాడు.

షుగర్ వల్ల వచ్చేది చాలావరకు ఒకే తీరుగా ఉంటుంది. ఒంట్లో అన్నిటికంటే పొడుగు నరాలు కాలి వేళ్ళ దాకా పోయేవి, దెబ్బ ముందు వాటి కొసలకే తగులుతుంది, అందుకే రెండు పాదాల్లోనూ వేళ్ళ దగ్గర మొదలై మేజోడు తొడిగినంత మేర మెల్లగా పైకి వస్తుంది, మోకాళ్ళ దగ్గరికి వచ్చేసరికి చేతి వేళ్ళలో కూడా కనబడుతుంది. అమ్మది ఈ తీరే అయితే రాత్రికి రాత్రి కంగారు పడే పని లేదు.

కంగారు పడాల్సినవి వేరే ఉన్నాయి, అవి గుర్తు పెట్టుకో. ఉన్నట్టుండి ఒక పక్క చెయ్యి, కాలు, ముఖం మొద్దుబారినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా అది పక్షవాతం అనుకొని 108కి ఫోన్ చెయ్యి, ఎన్నింటికి మొదలైందో టైం చూసుకో, ఎందుకంటే మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డను కరిగించే సూది నాలుగున్నర గంటల లోపలే వేస్తారు, దానికి ముందు స్కానింగ్ తీయాలి. పసరు పోయించుకొద్దామని ఎవరో చెప్పిన ఊరికి తీసుకుపోతే ఆ టైమంతా దారిలోనే అయిపోతుంది. అలాగే నడుము నొప్పితో పాటు కూర్చునే చోట, తొడల మధ్య మొద్దుబారి మూత్రం రాకుండా అయితే తెల్లారేదాకా ఆగొద్దు. కాళ్ళ నుంచి మొదలై రోజురోజుకూ పైకి ఎక్కుతూ బలం కూడా పోతుంటే అప్పుడూ అంతే, నేరుగా పెద్ద దవాఖానకే.

ఇక బీ12 సంగతి. అమ్మ షుగర్‌కు మెట్‌ఫార్మిన్ గోలీ ఏళ్ళ తరబడి వేసుకుంటోంది కదా, దానివల్ల కొందరిలో బీ12 తగ్గుతుంది, ఆ లోటు కూడా కాళ్ళ తిమ్మిర్లే తెస్తుంది. అంటే అమ్మకు షుగర్ వల్ల కొంత, బీ12 తగ్గడం వల్ల కొంత, రెండూ కలిసి ఉండొచ్చు. అందుకే సూది పడకముందే రక్తపరీక్ష చేయించు, ఒకసారి సూది పడ్డాక పరీక్షలో అంకె ఎక్కువే చూపిస్తుంది, అసలు లోటు ఉండిందా లేదా తెలియదు. దాంతో పాటు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), థైరాయిడ్ కూడా రాయించు. లోటు ఉంటే సూదులు బాగా పనిచేస్తాయి. లేకపోతే ఎన్ని వేయించినా స్పర్శ తిరిగి రాదు, ఆ డబ్బులతో మంచి చెప్పులు వస్తాయి. ఒకటి మాత్రం చెప్తున్నా, మెట్‌ఫార్మిన్ వల్లే ఇదంతా అని ఎవరో అన్నారని ఆ గోలీ మాన్పించకు. షుగర్ పెరిగితే నరాలు ఇంకా చెడతాయి.

ప్రెగాబాలిన్, గాబాపెంటిన్ లాంటివి రాస్తే అవి మంటకు, పోటుకు. మంట తగ్గింది కాబట్టి కాలు బాగైందనుకుంటారు మనవాళ్ళు. బాగవలేదు, స్పర్శ ఎక్కడిదక్కడే ఉంది. పైగా వాటితో మత్తు, కళ్ళు తిరగడం ఉంటాయి, రాత్రి బాత్రూంకు లేచేటప్పుడు పడిపోకుండా లైటు వేసి ఉంచు.

స్పర్శ ఎంత ఉందో ఇంట్లోనే చూసే పద్ధతి ఒకటుంది, ఇంగ్లాండులో ఇప్స్‌విచ్ అనే ఊరి ఆసుపత్రి డాక్టర్లు చేసింది, సామాను ఏమీ అక్కర్లేదు. అమ్మను పడుకోబెట్టి కళ్ళు మూసుకోమను. నీ చూపుడు వేలితో ఆమె కాలి బొటనవేలి కొస, మధ్యవేలి కొస, చిటికెన వేలి కొస, ఇలా రెండు కాళ్ళకూ తాకు. ఊరికే తాకాలి, ఒకటి రెండు సెకన్లు, నొక్కొద్దు, గీకొద్దు. తాకినప్పుడల్లా కుడి, ఎడమ అని ఆమె చెప్పాలి. ఆరింట్లో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ చెప్పలేకపోతే ఆ పాదాలకు ప్రమాదం ఉన్నట్టే. ఆమె తప్పు చెప్పిందని మళ్ళీ మళ్ళీ తాకి సరిచేయించకు, పరీక్ష పాడవుతుంది. డాక్టర్లయితే సన్న నైలాన్ తీగ పాదానికి ఆనించి చూస్తారు, 10 గ్రాముల ఒత్తిడికి వంగే తీగ అది. షుగర్ డాక్టరు దగ్గరికి పోయినప్పుడు పాదాలు కూడా చూడండి సార్ అని నువ్వే అడుగు, చెప్పులు విప్పించకుండా చీటీ రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఇప్పుడు అసలు పని చెప్తా. ఒకామె బీపీ గోలీల కోసం సబ్‌సెంటర్‌కు వచ్చి బల్ల మీద కూర్చుంది. పొద్దుటి నుంచి పొలంలోనే ఉండి నడిచి వచ్చింది. ఆమె కుడికాలి హవాయి చెప్పు అంచున తడిగా ఎర్రగా కనబడింది. చెప్పు తీయమంటే చెప్పుతో పాటు కాలు కూడా లేచింది, తుమ్మముల్లు రబ్బరులోంచి దిగి బొటనవేలి కింద కండలోకి సగం దాకా పోయింది. నొప్పి లేదా అమ్మా అంటే ఏ నొప్పి అని నన్నే అడిగింది. ఆ పాదాన్ని కాపాడగలిగింది కళ్ళే తప్ప ఇంకేదీ కాదు. అందుకే రోజూ మాపటికి స్నానం అయ్యాక అమ్మ పాదాలు నువ్వు గానీ బాపు గానీ చూడాలి. ఆమె చూసుకుంటానంటుంది, వంగలేదు, కళ్ళు ఆనవు. అద్దం నేల మీద పెట్టి చూసుకోవచ్చంటారు గానీ మనిషి చూసిందే నమ్మకం. వేళ్ళ సందులు విప్పి చూడండి, మడమల పగుళ్ళు, ఆనెల చుట్టూ నల్లబడడం, బొబ్బలు. ఆనె కనబడితే బ్లేడుతో చెక్కొద్దు, మెడికల్ షాపులో అమ్మే ఆనెల పట్టీ వేయొద్దు, అందులో ఆసిడ్ ఉంటుంది, మొద్దుబారిన చర్మాన్ని తినేస్తుంది. గోళ్ళు అడ్డంగా, నేరుగా కత్తిరించు, మూలలు లోపలికి తవ్వొద్దు. కొబ్బరినూనె పాదానికి రాయి, వేళ్ళ మధ్య రాయకు, అక్కడ పొడిగానే ఉండాలి.

తిమ్మిర్లు తగ్గుతాయని ఉప్పు వేసిన వేడినీళ్ళలో కాళ్ళు పెట్టడం మన ఇళ్ళలో అందరికీ అలవాటు. అమ్మ విషయంలో అది మాన్పించు. నీళ్ళు ఎంత కాగాయో ఆ కాలికి తెలియదు, చర్మం ఊడొచ్చాక తెలుస్తుంది. ఇటుక కాపడం, వేడినీళ్ళ సంచి కూడా వద్దు. మే నెలలో మిర్యాలగూడ ఎండకు సిమెంటు వాకిలి కూడా పెనంలా కాలుతుంది, ఆరేసిన బట్టలు తీయడానికి పోయినా చెప్పులు ఉండాలి. నాట్లకు ఈ ఏడాది పంపొద్దు, బురదలో వేళ్ళ సందులు ఒరుసుకుపోయి చీము పడితే ఆమెకు తెలిసేసరికి లోపలికి పోతుంది.

చెర్వుగట్టు రామలింగేశ్వరస్వామి జాతర సంగతి కూడా రాయాలి, ఎందుకంటే అమ్మ అగ్నిగుండం తొక్కుతానని మొక్కుకుందని చెప్పావు. ఆ స్వామి మీద నాకూ భక్తి ఉంది. కానీ ఈ కాళ్ళతో నిప్పుల మీద నడిస్తే, కాలినట్టు తెలియక పుండు పడితే, షుగర్ ఒంట్లో అది మానడం చాలా కష్టం. మొక్కు ఇంకో తీరుగా తీర్చుకొమ్మను, తలనీలాలు ఇవ్వమను, గట్టు మీద అన్నదానం చేయమను. నువ్వు చెప్తే కోప్పడుతుంది, నేను వచ్చి చెప్తా.

బాపు విషయం వేరు. ఆయన పుట్టి పెరిగింది మర్రిగూడ వైపు, చిన్నప్పటి నుంచి అక్కడి బోరు, బావి నీళ్ళే తాగాడు. ఆ నీళ్ళలోని ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి వెన్నులో నరాలు పోయే దారి ఇరుకైతే కూడా కాళ్ళు మొద్దుబారతాయి, బలం తగ్గుతుంది, నడుము మెడ బిగుసుకుపోతాయి. ఇప్పుడు ఇంటికి కృష్ణా నీళ్ళు వస్తున్నాయి నిజమే, పాతది మాత్రం ఎముకల్లో ఉంటుంది. ఆయన కాళ్ళు తిమ్మిరి అంటే షుగర్ పరీక్షతో ఆపకు, వెన్ను ఎక్స్‌రే, అవసరమైతే ఎంఆర్ఐ తీయించు. ఇద్దరి ఒంటి మీద ఎక్కడైనా పాలిపోయిన మచ్చ ఉండి అక్కడ తాకినా తెలియకపోతే సిగ్గుపడి దాచొద్దు. కుష్ఠు అయితే పీహెచ్‌సీలో గోలీలు ఉచితం, రకాన్ని బట్టి 6 నెలలో 12 నెలలో వాడితే నయమవుతుంది, ఆలస్యం చేస్తే నరం పోతుంది.

మీ చిన్నత్తమ్మకు కీమోలో పాక్లిటాక్సెల్ ఎక్కిస్తున్నారన్నావు, చేతివేళ్ళు మొద్దుబారాయని డాక్టరుకు చెప్పడం లేదట, చెప్తే మందు ఆపేస్తారని భయమట. ఆమెతో గట్టిగా మాట్లాడు. ఆ మందుకు ఇది తెలిసిన ఇబ్బందే, ముందుగా చెప్తే డోసు తగ్గిస్తారు లేదా కొంత ఎడం ఇస్తారు, దాస్తే కొందరికి అది ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. అప్పటిదాకా పొయ్యి మీది గిన్నెలు మందం గుడ్డతోనే దించమను, కత్తిపీట పని ఎవరికైనా అప్పజెప్పమను.

నీ సంగతి కూడా వినిపించింది. ఏడో నెలలో రాత్రిపూట బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ రావడం చాలామంది గర్భిణులకు ఉంటుంది, మణికట్టు దగ్గర నీరు చేరి నరం నొక్కుకుపోతుంది. మణికట్టు మడిచి పడుకోకు, మెడికల్ షాపులో దొరికే మణికట్టు పట్టీ రాత్రి వేసుకో. కాన్పు తర్వాత చాలామందికి తగ్గుతుంది. అయినా వచ్చే చెకప్‌లో బీపీ, షుగర్ చూపించుకొని ఈ మాట చెప్పు.

అమ్మకు చెప్పులు కొనేటప్పుడు సాయంత్రం పూట తీసుకెళ్ళు, అప్పటికి పాదాలు కాస్త వాచి ఉంటాయి, సైజు సరిగ్గా తెలుస్తుంది. ఎంసీఆర్ చెప్పులు అని అడుగు, లోపల మెత్తటి రబ్బరు ఉంటుంది, వెనక పట్టీ ఉన్నవే తీసుకో. రిపోర్టులు వచ్చాక వాట్సాప్‌లో పంపు, బీ12, క్రియాటినిన్ అంకెలు స్పష్టంగా కనబడేలా ఫోటో తియ్యి.

మీ పెద్దమ్మ