మూడు నెలల పాప, ఆవాల దిండు, చీర ఉయ్యాల

చెన్నై వేళచ్చేరిలో ఉంటున్న మీ మూడు నెలల పాప చీర ఉయ్యాలలో తప్ప నిద్రపోవడం లేదనీ, తల గుండ్రంగా రావాలని అత్తగారు ఆవాల దిండు పెడుతున్నారనీ, వెల్లకిలా పడుకోబెడితే కక్కిన పాలు గొంతుకు అడ్డం పడతాయని భయపడుతున్నారనీ రాశారు.

ముందుగా ఆ భయం సంగతి. వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం పైన, అన్ననాళం కింద ఉంటాయి కాబట్టి, పైకి వచ్చిన పాలు శ్వాసనాళంలోకి ఎదురెక్కడం కష్టం. బోర్లా పడుకుంటే ఈ అమరిక తలకిందులవుతుంది. అమెరికాలో 1994లో వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం మొదలుపెట్టాక, నిద్రలో సంభవించే హఠాత్ శిశుమరణాలు కొన్నేళ్లలో దాదాపు సగానికి తగ్గాయి.

ఆవాల దిండు తీసేయండి. తల ఆకారం కోసం, మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్లెదుట కాసేపు బోర్లా వేస్తూ, పడుకోబెట్టేటప్పుడు తల ఉంచే దిక్కును రోజూ మారుస్తూ ఉంటే చాలు. చీర ఉయ్యాల గుంతలా వంగి, గడ్డం ఛాతీకి ఆని ఊపిరికి ఇబ్బంది కలిగించవచ్చు కనుక, అందులో నిద్రపట్టగానే పాపను మీ మంచం పక్కన, గట్టిగా, చదునుగా ఉన్న పరుపుపైకి మార్చండి. మొదట్లో ఏడుస్తుంది, ఓపిక పట్టక తప్పదు.

చెన్నై ఉక్కపోతలో టోపీ, దుప్పటి అక్కర్లేదు. పలుచని నూలు చొక్కా వేసి ఫ్యాను తిప్పండి. మెడ వెనుక తాకితే చెమటగా ఉంటే ఉక్కపోస్తున్నట్టే. చేతులు చల్లగా ఉన్నాయని కప్పకండి.